చూశామా, విన్నామా: గుండె అదిరినప్పుడు జ్ఞాపకం తప్పే చోటు

1992 అక్టోబరు 4 సాయంత్రం ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎల్ అల్ సంస్థ సరుకు విమానం ఒకటి పైకి లేచిన కాసేపటికే కుడి రెక్కకున్న రెండు ఇంజన్లూ ఊడిపోయాయి. వెనక్కి తిరిగి రాబోతూ బైల్మర్‌మేర్ అనే పేటలో అపార్ట్‌మెంట్ల మీద కూలింది. 43 మంది చనిపోయారు. పది నెలలు గడిచాక హన్స్ క్రోంబాగ్, విల్లెం వాగెనార్, పీటర్ వాన్ కొప్పెన్ అనే ముగ్గురు డచ్ పరిశోధకులు జనానికి ఒక ప్రశ్నాపత్రం పంచారు. విమానం భవనాన్ని ఢీకొట్టిన క్షణాన్ని టీవీలో చూశారా అన్నది అందులో ఒక ప్రశ్న. జవాబిచ్చిన 193 మందిలో 55 శాతం చూశామన్నారు. ఇంకో విడత లా విద్యార్థులను అడిగితే 66 శాతం చూశామన్నారు. విమానం అడ్డంగా వచ్చి తగిలిందా, నిట్టనిలువునా పడిందా, తగిలేటప్పటికే మండుతోందా అని అడిగితే వాటికీ చాలామంది జవాబులు రాశారు.

ఆ క్షణాన్ని ఎవరూ వీడియో తీయలేదు. టీవీ కెమెరాలు వచ్చేసరికి అక్కడ ఉన్నవి మంటలూ శిథిలాలే.

జవాబిచ్చినవాళ్ళు అబద్ధం ఆడలేదు. ప్రమాదం గురించి రేడియోలో విన్నారు, పేపర్లో చదివారు, కాలుతున్న భవనాలను టీవీలో చూశారు, పక్కింటివాళ్ళతో గంటలకొద్దీ మాట్లాడుకున్నారు. వినేటప్పుడు మనసులో ఒక బొమ్మ కట్టింది. పది నెలలకు బొమ్మ మిగిలింది, అది ఎక్కడి నుంచి వచ్చిందన్నది చెరిగిపోయింది. ఇంత స్పష్టమైన బొమ్మ టీవీలోదే అయ్యుంటుందని వాళ్ళ బుర్రే నిర్ణయించేసింది.

విషయం గుర్తుండటం వేరు, ఆ విషయం ఎక్కడ, ఎవరి నుంచి, ఎప్పుడు తెలిసిందో గుర్తుండటం వేరు. ఈ రెండోదాన్ని సైకాలజీలో సోర్స్ మెమరీ అంటారు. ఉప్పెన, యాక్సిడెంటు, హత్య, యుద్ధం లాంటి వార్త విని గుండె ఝల్లుమన్నప్పుడు ఈ రెండో జ్ఞాపకం బలపడుతుందా, బలహీనపడుతుందా అన్నదే ఇక్కడి చిక్కు. "నాకు నిన్నటిలా గుర్తుంది" అనేవాళ్ళను అడిగితే రెండూ బలపడతాయంటారు. ప్రయోగాలను అడిగితే ఒక్కో ప్రయోగం ఒక్కో మాట చెబుతుంది. ఆ తేడా ఎందుకో కాస్త నిదానంగా చూడాలి.

పేరు చెక్కని గిన్నెలు

పెళ్ళిలో చదివించే స్టీలు గిన్నెల మీద ఇచ్చినవాళ్ళ పేరు చెక్కించి ఇవ్వడం మన దగ్గర మామూలే. ఇరవై ఏళ్ళ తర్వాత కూడా ఆ గిన్నె తీస్తే ఎవరిచ్చారో తెలుస్తుంది. జ్ఞాపకాలు ఇలా పేరు చెక్కించుకుని రావు. అమెరికన్ సైకాలజిస్టు మార్షా జాన్సన్, ఆమె సహచరులు 1980ల నుంచి వాదిస్తూ వచ్చింది ఇదే. ఫలానా చోట విన్నది అని ముద్ర వేసి జ్ఞాపకాన్ని మెదడు దాచుకోదు. గుర్తుచేసుకునే ప్రతిసారీ, ఆ జ్ఞాపకం ఎలా ఉందో చూసి ఇది ఎక్కడిదై ఉంటుందో అప్పటికప్పుడు తేలుస్తుంది. రంగులు, గొంతులు, చుట్టూ ఉన్న చోటు కళ్ళకు కడితే నిజంగా చూసిందని లెక్కేస్తుంది. ఆలోచించిన ఆనవాళ్ళు ఎక్కువగా ఉంటే ఊహించుకున్నదని లెక్కేస్తుంది. ఈ తీర్పు ఎక్కువసార్లు సరిగ్గానే ఉంటుంది, లేకపోతే రోజు గడవదు.

ఈ పద్ధతికి ఒక లొసుగు ఉంది. స్పష్టంగా ఉన్నదల్లా చూసినదే అన్న లెక్క, ఆ స్పష్టత వేరే చోటు నుంచి వచ్చినప్పుడు బోల్తా కొడుతుంది. స్పష్టతను పెంచే వాటిలో ఉద్వేగాన్ని మించింది లేదు.

ఉద్వేగం అంటే మంచిదో చెడ్డదో అయిన అనుభూతి మాత్రమే అనుకోకూడదు. దిగులు కూడా చెడ్డ అనుభూతే, కానీ అందులో ఒళ్ళు నీరసపడుతుంది. ఇక్కడ మాట్లాడుతున్నది ఒళ్ళు ఉలిక్కిపడే స్థితి గురించి. గుండె వేగం పెరుగుతుంది, అరచేతులు చెమర్చుతాయి, మెదడు అడుగున ఉండే లోకస్ సెరూలియస్ అనే చిన్న భాగం నార్‌అడ్రినలిన్‌ను మెదడంతా చిమ్ముతుంది. భయం లాంటి ఉద్వేగాలకు స్పందించే అమిగ్డలా అనే భాగం మేలుకుని, జ్ఞాపకాలు కట్టే హిప్పోకాంపస్ మీద ఒత్తిడి పెడుతుంది. 1994లో లారీ కాహిల్, జేమ్స్ మెక్‌గా బృందం ఒక ప్రయోగం చేసింది. ఒక పిల్లవాడికి యాక్సిడెంటు జరిగే కథను, దాదాపు అలాంటిదే అయినా ఏ ప్రమాదమూ లేని కథను బొమ్మలతో చూపించారు. యాక్సిడెంటు కథలో గుండె కదిలించే భాగం మిగతావాటికంటే బాగా గుర్తుండిపోయింది. అయితే ముందే ప్రొప్రనొలాల్ అనే మాత్ర వేసుకున్నవాళ్ళకు ఆ అదనపు లాభం పోయింది. ఆ మాత్ర నార్‌అడ్రినలిన్ పనిని అడ్డుకుంటుంది. ఏ ప్రమాదమూ లేని కథ మాత్రం వాళ్ళకూ మామూలుగానే గుర్తుంది.

అంటే విషయం గుర్తుండటానికి ఉద్వేగం సాయపడుతుంది. ఇందులో పెద్ద వివాదం లేదు.

ఛాలెంజర్ మర్నాడు

1986 జనవరి 28న అమెరికా అంతరిక్ష నౌక ఛాలెంజర్ ఎగిరిన 73 సెకన్లకు పేలిపోయి అందులోని ఏడుగురూ చనిపోయారు. మర్నాడు పొద్దున అట్లాంటాలోని ఎమరీ యూనివర్సిటీలో సైకాలజిస్టు ఉల్రిక్ నైసర్ 106 మంది విద్యార్థుల చేత ఒక కాగితం నింపించాడు. వార్త ఎలా తెలిసింది, ఎక్కడున్నారు, ఎవరితో ఉన్నారు, అప్పుడు ఏం చేస్తున్నారు అన్నవే ప్రశ్నలు. అంటే దాదాపు మొత్తం సోర్స్ గురించే. రెండున్నరేళ్ళ తర్వాత వాళ్ళలో దొరికిన 44 మందికి నైసర్, నికోల్ హార్ష్ కలిసి అవే ప్రశ్నలు మళ్ళీ వేశారు.

ఏడు మార్కుల లెక్కలో సగటు 2.95 వచ్చింది. ముగ్గురికే ఏడుకు ఏడు. నాలుగో వంతు మంది పూర్తిగా సున్నా, అంటే పాత కాగితంలో రాసిన ఒక్క ముఖ్యమైన ముక్కా కొత్త జవాబులో లేదు. ఎంత నమ్మకంగా చెబుతున్నారని అడిగితే మాత్రం ఐదుకు సగటున 4.17. మార్కులకూ నమ్మకానికీ పొంతనే లేదు.

ఇందులో నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించేది టీవీ లెక్క. మర్నాటి కాగితాల్లో, వార్త మొదట టీవీ ద్వారా తెలిసిందన్నవాళ్ళు 21 శాతం. రెండున్నరేళ్ళ తర్వాత అదే మాట అన్నవాళ్ళు 45 శాతం. ఒక అమ్మాయి మొదటి కాగితంలో క్లాసులో ఉండగా ఎవరో వచ్చి మాట్లాడుకుంటుంటే విన్నానని రాసింది. తర్వాతేమో, హాస్టల్ గదిలో రూమ్మేట్‌తో కూర్చుని టీవీ చూస్తుంటే ఫ్లాష్ న్యూస్ వచ్చిందని చెప్పింది. ఆ టీవీ జ్ఞాపకం కల్పన కాకపోవచ్చు. ఆ రోజంతా అందరూ టీవీ ముందే కూర్చున్నారు, పేలుడు దృశ్యాన్ని మళ్ళీ మళ్ళీ చూశారు. జరిగిన పొరపాటు వరసలో. ఎవరో అంటే విన్న మాటకు బొమ్మ లేదు, టీవీలో చూసినదానికి తెల్లటి పొగ పాయలు రెండుగా చీలిన బొమ్మ ఉంది. మొదటిదేదని మనసును అడిగితే బొమ్మ ఉన్నదాన్నే ముందుకు తోసింది. తమ చేతి రాతతో ఉన్న పాత కాగితాన్ని చూపించాక కూడా ఆ మొదటి జ్ఞాపకం ఎవరికీ తిరిగి రాలేదు. రాత తమదేనని ఒప్పుకున్నారు, కానీ గుర్తొస్తున్నది వేరే అన్నారు.

ఇదే తప్పు 2001లో అమెరికా అధ్యక్షుడూ చేశాడు. సెప్టెంబరు 11 పొద్దున జార్జ్ బుష్ ఫ్లోరిడాలోని ఒక ప్రాథమిక పాఠశాలలో ఉన్నాడు. క్లాసులోకి వెళ్ళబోయే ముందు, మొదటి విమానం న్యూయార్క్‌లోని ట్రేడ్ సెంటర్ టవర్‌ను గుద్దడం టీవీలో చూశానని ఆ డిసెంబరులో ఒక సభలో చెప్పాడు, తర్వాత ఇంకోసారీ చెప్పాడు. మొదటి విమానం గుద్దిన దృశ్యం ఆ పొద్దున ఏ టీవీలోనూ రాలేదు, ఆ వీడియో తర్వాత బయటికొచ్చింది. కుట్ర సిద్ధాంతాల వాళ్ళకు ఇంకేం కావాలి, అధ్యక్షుడికి ముందే తెలుసని పండగ చేసుకున్నారు. డేనియల్ గ్రీన్‌బర్గ్ అనే పరిశోధకుడు 2004లో బుష్ చెప్పిన కథనాలన్నీ పక్కపక్కన పెట్టి, ఇది ఛాలెంజర్ విద్యార్థుల పొరపాటు లాంటిదేనని చూపించాడు. బుష్‌ను తిట్టడానికి వేరే కారణాలు బోలెడున్నాయి, ఇది మాత్రం వాటిలో చేరదు.

అదే సెప్టెంబరు 11 మీద జెన్నిఫర్ టాలరికో, డేవిడ్ రూబిన్ ఇంకాస్త తెలివైన పని చేశారు. మర్నాడే డ్యూక్ యూనివర్సిటీలో 54 మంది విద్యార్థులను పిలిచి దాడి వార్త గురించీ, దాంతోపాటు అంతకు కొద్ది రోజుల ముందు జరిగిన ఏదో ఒక మామూలు సంగతి గురించీ రాయించారు. వారానికో, నెలలకో మళ్ళీ అడిగితే రెండు జ్ఞాపకాలూ ఒకే వేగంతో చెడిపోతూ వచ్చాయి. మామూలు సంగతి విషయంలో మాత్రం వాళ్ళ నమ్మకం కూడా తగ్గుతూ వచ్చింది. దాడి జ్ఞాపకంలో నమ్మకం చెక్కుచెదరలేదు.

రంగు గుర్తుంది, చోటు గుర్తులేదు

ఇక్కడిదాకా కథ తేలిగ్గా ఉంది: ఉద్వేగం విషయాన్ని కాపాడుతుంది, మూలాన్ని కాపాడదు. దీనికి ఎదురు తిరిగే ప్రయోగాలు ఉండటంతోనే చిక్కు మొదలవుతుంది.

2001లో డోర్క్‌సెన్, షిమామురా కొన్ని మామూలు మాటలను, కొన్ని గుండెకు తగిలే మాటలను పసుపు లేదా నీలం రంగులో చూపించారు. గుండెకు తగిలే మాటలు ఏ రంగులో వచ్చాయో మిగతావాటికన్నా బాగా గుర్తుంది. బూతు మాటలతో డోనాల్డ్ మెకే చేసిన ప్రయోగాల్లోనూ అంతే, ఆ మాట ఏ రంగు అక్షరాల్లో ఉందో జనం మర్చిపోలేదు. ఇవి చదివినవాళ్ళు ఉద్వేగం సోర్స్ మెమరీకి మంచిదే అన్నారు.

2006లో మారా మేథర్ బృందం నాలుగు ఫొటోలను తెర మీద ఒక్కోటి ఒక్కో చోట చూపించి, కొన్ని సెకన్లకే ఏది ఎక్కడ వచ్చిందని అడిగింది. మామూలు ఫొటోలకన్నా ఉలిక్కిపడేలా చేసే ఫొటోల చోటు చెప్పడంలోనే ఎక్కువ తప్పులొచ్చాయి. 2011లో ఉల్రికే రిమ్మెలే, ఎలిజబెత్ ఫెల్ప్స్ తదితరులు ఫొటోల చుట్టూ రంగు చట్రం పెట్టి చూశారు. భయంకరమైన ఫొటోలు "బాగా గుర్తున్నాయి" అని ఎక్కువ మంది గట్టిగా చెప్పారు, కానీ వాటి చుట్టూ ఉన్న చట్రం రంగును మామూలు ఫొటోలకన్నా ఎక్కువగా తప్పు చెప్పారు.

మేథర్ ఇచ్చిన వివరణ ఈ గందరగోళాన్ని చాలావరకు విప్పుతుంది. ఆమె అడిగే ప్రశ్న ఏమిటంటే, మనం సోర్స్ అంటున్నది ఆ వస్తువులోనే ఉందా, దాని పక్కన ఉందా? అక్షరాల రంగు మాటలోనే ఉంది, మాటను చూడకుండా రంగును చూడలేం. అంటే గిన్నె మీద చెక్కిన పేరు లాంటిది, గిన్నె మీద చూపు పడితే పేరు మీదా పడుతుంది. చట్రం, వెనకున్న గోడ, పక్కన నిలబడ్డ మనిషి గిన్నెలో వేసిన చీటీ లాంటివి, గిన్నెను చూసినంత మాత్రాన చీటీ మీద చూపు పడదు. ఉద్వేగం చూపును లాగి ఒక్క చోట నిలబెడుతుంది కాబట్టి ఆ వస్తువు తాలూకు లక్షణాలు దానితో గట్టిగా ముడిపడతాయి, దాని చుట్టూ ఉన్నవాటితో ముడి వదులవుతుంది. 1987లో ఎలిజబెత్ లాఫ్టస్ చూపించిన ఉదాహరణ దీనికి దగ్గరిది. హోటల్ కౌంటర్ దగ్గర కస్టమర్ క్యాషియర్‌కు ఒక వరస స్లైడ్లలో చెక్కు ఇస్తాడు, ఇంకో వరసలో తుపాకీ చూపిస్తాడు. రెండో వరస చూసినవాళ్ళ కళ్ళు తుపాకీ మీదే ఎక్కువసేపు ఉండిపోయాయి, వాళ్ళు అతని ముఖాన్ని గుర్తుపట్టడంలో వెనకబడ్డారు.

ఈ సూత్రం అన్నిచోట్లా అచ్చంగా పనిచేయదు. డోర్క్‌సెన్, షిమామురా రెండో ప్రయోగంలో రంగును అక్షరాలకు కాకుండా చుట్టూ ఉన్న చట్రానికి ఇచ్చారు. అయినా గుండెకు తగిలే మాటలకే మేలు జరిగింది. వాళ్ళు ముందే, మాటనూ రంగునూ జతచేసి గుర్తుపెట్టుకోండి అని చెప్పారు. అంటే ముందుగా గట్టిగా పట్టించుకుంటే పక్కనున్నది కూడా లోపలికి చేరవచ్చు. నిజజీవితంలో మాత్రం ఇది ఎవరు చెప్పారో గుర్తుపెట్టుకో అని ముందే చెప్పి ఎవరూ వార్త మోసుకురారు.

పట్టించుకోవడం ఎటువైపు అన్నదీ ముఖ్యమే. జాన్సన్, ఆమె సహచరులు 1996లో ఇద్దరు మనుషులు చెబుతున్న వాక్యాలు వినిపించారు. వింటుంటే మీకేమనిపిస్తోందో చూసుకోండి అని కొందరికి, మాట్లాడేవాళ్ళకు ఏమనిపిస్తోందో గమనించండి అని కొందరికి చెప్పారు. తమ గుండె చప్పుడు తాము వింటూ కూర్చున్నవాళ్ళకు ఏ మాట ఎవరన్నారో అంతగా గుర్తులేదు. ఒకే భావోద్వేగం, కానీ అది ఎదుటి మనిషి మీద ఉంటే ఆ మనిషి గుర్తుంటాడు, మన లోపల ఉంటే మనమే గుర్తుంటాం.

నమ్మకం ఎందుకు పెరుగుతుందన్నదానికి 2004లో తాలి షారోట్, ఫెల్ప్స్ మెదడు స్కానర్‌లో ఒక ఆధారం చూశారు. మామూలు ఫొటోలను గుర్తున్నాయని చెప్పేటప్పుడు చుట్టుపక్కల వివరాలకు సంబంధించిన పారాహిప్పోకాంపల్ భాగం పనిచేసింది. భయపెట్టే ఫొటోల విషయంలో అదే మాట చెప్పేటప్పుడు పనిచేసింది అమిగ్డలా. రెండు చోట్లా "గుర్తుంది" అనే అంటాం, కానీ మొదటిది వివరాలను చూసి చెప్పినది, రెండోది ఒళ్ళు జలదరించడాన్ని చూసి చెప్పినది.

కోర్టు దగ్గర

ఈ గొడవ ప్రయోగశాలలో ఉన్నంతవరకు ఎవరికీ నష్టం లేదు. 1970లలో ఆస్ట్రేలియాలో ఒక మహిళపై అత్యాచారం జరిగింది. ఆమె చెప్పిన పోలికలు, గుర్తింపు పరేడ్‌లో ఆమె చూపించిన వేలు డోనాల్డ్ థాంసన్ వైపు తిరిగాయి. థాంసన్ సైకాలజిస్టు, అదీ ప్రత్యక్ష సాక్షుల జ్ఞాపకాల మీద పనిచేసేవాడు. నేరం జరిగిన సమయానికి అతను టీవీలో లైవ్ చర్చలో ఉన్నాడు, పక్కనే ఒక పోలీసు ఉన్నతాధికారి కూడా కూర్చున్నాడు. చర్చ దేని మీదంటే సాక్షుల జ్ఞాపకాల మీదే! దాడికి ముందు ఆమె ఆ కార్యక్రమం చూస్తూ ఉంది. ముఖం నిజంగానే చూసింది, ఆ ముఖం టీవీలోది. ఆ ముఖం ఎక్కడిదన్న సంగతే ఆ భయంలో తారుమారైంది.

మన సాక్ష్య చట్టం 1872 నుంచీ ఒక నియమం పెట్టుకుంది: చూసిన సంగతి చూసినవాళ్ళే చెప్పాలి, విన్న సంగతి విన్నవాళ్ళే చెప్పాలి. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలోనూ అది అలాగే ఉంది. నియమం మంచిదే. కాకపోతే చూశాడో విన్నాడో సాక్షికి తెలుసునని అది ముందే అనుకుంటుంది. క్రాస్ ఎగ్జామినేషన్లో లాయర్ "నువ్వు చూశావా, ఎవరైనా చెప్పారా" అని గద్దించి అడిగేది అబద్ధం పట్టుకోవడానికి. అబద్ధం ఆడని సాక్షి, పొరపాటున తన కళ్ళను నమ్ముతున్న సాక్షి, ఆ గద్దింపుకు తొణకడు. ఛాలెంజర్ విద్యార్థుల్లాగే ఐదుకు నాలుగు మార్కుల నమ్మకంతో చూశాననే అంటాడు.

ఇంకో చోట మాత్రం మన పద్ధతి ఈ ప్రమాదాన్ని చక్కగా పట్టుకుంది. పోలీసుల ప్రెస్ మీట్లలో నిందితుల తలకు ముసుగు వేసి నిలబెట్టడం చూసి, దొంగలకు ఈ మర్యాదలేంటని తిట్టుకునేవాళ్ళున్నారు. మేజిస్ట్రేట్ ముందు గుర్తింపు పరేడ్ జరగాల్సి ఉంటే ఆ ముసుగు అవసరం. సాక్షి ఆ ముఖాన్ని ముందే పేపర్లోనో టీవీలోనో చూసేస్తే, పరేడ్‌లో గుర్తుపట్టినది నేరం జరిగిన చోటి ముఖాన్నో, ఫొటోలోని ముఖాన్నో చెప్పడం కష్టం. అలా ముందే చూసిన సాక్షి చేసిన గుర్తింపుకు కోర్టులు అందుకే పెద్దగా విలువ ఇవ్వవు.

ఫోన్లో వచ్చిన భయం

1951లో కార్ల్ హోవ్‌లాండ్, వాల్టర్ వైస్ అణు జలాంతర్గాముల మీద ఒకే వ్యాసాన్ని కొందరికి అమెరికా అణు శాస్త్రవేత్త ఓపెన్‌హైమర్ పేరుతో, కొందరికి సోవియట్ పత్రిక ప్రావ్దా పేరుతో ఇచ్చారు. అప్పటికప్పుడు ఓపెన్‌హైమర్ మాటే ఎక్కువమందికి చెల్లింది. నాలుగు వారాలకు ఆ తేడా పోయింది. ప్రావ్దాలో చదివినవాళ్ళూ అంతగానే నమ్మడం మొదలుపెట్టారు. పేరు పూర్తిగా మర్చిపోనక్కర్లేదు, విషయానికీ పేరుకూ మధ్య ముడి వదులైతే చాలు. అక్కడ చదివింది చల్లటి వ్యాసాలు. దాని బదులు పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా దిగిందని, కోసేసిన శరీరాల ఫొటోలతో ఒక మెసేజ్ వచ్చిందనుకోండి. చూపు ఆ ఫొటో దాటి పక్కకు పోదు. ఎవరు పంపారు, ఏ గ్రూపులోది అన్నవి ఫొటోలో లేవు, పక్కనున్నాయి. వారం తర్వాత మిగిలేది "మన వైపు తిరుగుతున్నారట" అన్న మాటే. ఇంకో వారానికి ఆ "ట" కూడా రాలిపోతుంది.

2018లో తెలుగు రాష్ట్రాలతో సహా దేశంలో చాలాచోట్ల సరిగ్గా ఇలాంటి మెసేజ్‌లే తిరిగాయి, అనుమానంతో ముక్కూముఖం తెలియని మనుషులను కొట్టి చంపారు. ఆ జులైలో వాట్సాప్ రెండు మార్పులు తెచ్చింది. మన దేశంలో ఒక మెసేజ్‌ను ఒకేసారి ఐదు చాట్లకు మించి పంపకుండా కట్టడి చేసింది, ఒకరి నుంచి వచ్చినదాన్ని ఇంకొకరికి పంపితే ఆ మెసేజ్ పైన ఫార్వర్డెడ్ అన్న ముద్ర వేసింది. మొదటిది మెసేజ్ వేగాన్ని తగ్గిస్తుంది కాబట్టి దాని లాభం దానికుంది. రెండోదాని మీద నాకు పెద్ద ఆశ లేదు. మేథర్ లెక్క ప్రకారం ఆ సన్నటి అక్షరాలు గిన్నెలో చీటీయే, చూపు కిందున్న ఫొటో మీద ఉన్నంతసేపూ ఆ చీటీని ఎవరూ చదవరు.

అదే సమయంలో జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి ఇంకో దారి పట్టారు. పోలీసులను ఊళ్ళలోకి పంపి, డప్పు కొట్టించి, జానపద కళాకారుల చేత పాటలు పాడించి, ఆ మెసేజ్‌లు అబద్ధమని చెప్పించారు. వదంతి మీద ప్రభుత్వ ప్రకటన అంటే సాధారణంగా ఒక కాగితం, దాని అడుగున ఒక సంతకం. ఇక్కడ చెబుతున్న మాటా, చెబుతున్న మనిషీ ఒకేసారి కళ్ళముందు ఉన్నారు. పాట గుర్తొస్తే పాడిన గొంతూ గుర్తొస్తుంది, రచ్చబండ దగ్గర నిలబడ్డ కానిస్టేబులూ గుర్తొస్తాడు.